ఊడుపు పాటల నుంచి పడవ పాటల దాకా ఒకే వాల్యూమ్‌లో: కోనసీమ రికార్డింగుల మీద ఒక కేస్ స్టడీ

కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీ తెలుగు విభాగం వాళ్లు విద్యార్థుల చేత చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లు పాడే పాటలు రికార్డు చేయించారు. ఊడుపు పాటలు, దంపుళ్ల పాటలు, పెళ్లి పాటలు, మంగళహారతులు, గొబ్బి పాటలు, వైనతేయ, వశిష్ఠ పాయల మీద పడవలు నడిపినవాళ్ల పాటలు. మూడు వందలకు పైగా ఫైళ్లు. వాటన్నిటినీ మెమరీ కార్డులో వేసి, ఇళ్లలో ఉండే చిన్న బ్లూటూత్ స్పీకర్లలో పెద్దవాళ్లు వినేలా చేయాలని వాళ్ల కోరిక. అమలాపురంలో నాది చిన్న రికార్డింగ్ గది. పని నా దగ్గరకు వచ్చింది.

ఆ విభాగం మాస్టారు అడిగింది ఒక్కటే: "పాట మారినప్పుడల్లా లేచి సౌండు పెంచడం, తగ్గించడం లేకుండా చేయండి. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే పరిస్థితి లేదు." ఆ రెండు షరతులూ సమంజసమే. ఈ పనికి కొనాల్సిన సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు. కమాండ్లతో ఆడియో మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్, ఆడియో ఎడిటర్ ఆడాసిటీ, లెక్కల షీట్ లిబ్రెఆఫీస్ కాల్క్ చాలు. మొదటి రెండూ 2000 సంవత్సరం నుంచి జనం వాడుతున్నవే. కష్టం సాఫ్ట్‌వేర్‌లో లేదు, ఏ గొంతును కొలవాలో తేల్చుకోవడంలో ఉంది. ఈ రాత అంతా దాని గురించే.

వచ్చిన ఫైళ్లు

విద్యార్థులు ఎవరి చేతిలో ఏది ఉంటే దానితో రికార్డు చేశారు. ఎక్కువ భాగం స్మార్ట్‌ఫోన్ ఎం4ఏ ఫైళ్లు. వాట్సాప్‌లోనే వాయిస్ మెసేజ్‌గా రికార్డు చేసినవి ఓపస్. కాలేజీ వాళ్ల చేతి రికార్డరుతో చేసినవి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లు. పాత కీప్యాడ్ ఫోన్‌లో చేసిన ఏఎంఆర్ ఫైళ్లు కొన్ని. ఎవరో ఇంట్లో క్యాసెట్ల నుంచి ఎక్కించిన ఎంపీ3లు ఇంకొన్ని.

ముందుగా మూలం ఫైళ్లన్నిటినీ ఒక ఫోల్డర్‌లో పెట్టి రీడ్ ఓన్లీ చేశాను. ఆ తర్వాత ఏ పని చేసినా నకలు మీదే. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో పాటు వచ్చే ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌తో ప్రతి ఫైలు కోడెక్ (శబ్దాన్ని ఏ పద్ధతిలో దాచారన్నది), శాంపిల్ రేటు, చానళ్లు, నిడివి రాయించుకున్నాను. పేరు చివర ఎంపీ3 అని ఉండి లోపల ఎం4ఏ ఉన్న ఫైళ్లు అప్పుడే బయటపడ్డాయి. ఎవరో పేరు మారిస్తే ఫైలు మారిపోతుందనుకున్నారు.

పని చేసే నకళ్లన్నీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్. దీనివల్ల నాణ్యత పెరగదు. ఏఎంఆర్ ఫైలు 8 కిలోహెర్ట్జ్‌లో రికార్డయింది, అందులో 4 కిలోహెర్ట్జ్ పైన ఏమీ ఉండదు. స, శ, ష తేడా చెవికి అందదు. దాన్ని 48కి మార్చినా పోయిన శబ్దం తిరిగి రాదు. వేవ్ చేయడం ఎందుకంటే, మధ్యలో ఎన్నిసార్లు సేవ్ చేసినా కొత్తగా నష్టం రాకూడదని. ఎంపీ3ని తెరిచి, సరిచేసి, మళ్లీ ఎంపీ3గా సేవ్ చేసి, రేపు మళ్లీ తెరిస్తే ప్రతిసారీ కొంత పోతుంది.

చేతి రికార్డరు ఫైళ్లలో ఇంకో చిక్కు ఉంది. బయటి మైకు ఒక్కటే తగిలించడంతో పాట ఎడమ చానల్లోనే ఉంది, కుడి చానల్లో సన్నటి బుస తప్ప ఏమీ లేదు. మామూలుగా మోనో (ఒకే చానల్) చేయమంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ రెండిటినీ సగం సగం కలుపుతుంది. పాట 6 డెసిబెల్స్ తగ్గుతుంది, పనికిరాని చానల్ బుస దానికి అంటుకుంటుంది. ఆస్టాట్స్ ఫిల్టర్‌తో ఏ చానల్లో ఎంత ఉందో చూసి, అలాంటి వాటికి పాన్ ఫిల్టర్‌తో ఎడమ చానల్‌ను మాత్రమే తీసుకున్నాను.

పీక్ చూసి సరిచేస్తే

నా దగ్గరకు రాకముందే ఒక విద్యార్థి ఆడాసిటీలో ఫైళ్లన్నిటికీ నార్మలైజ్ (ప్రతి ఫైలు పీకునూ ఒకే చోటికి తెచ్చే ఎఫెక్ట్) కొట్టి చూశాడు. తేడా తగ్గకపోగా పెరిగింది. ఎందుకు పెరిగిందో రెండు ఫైళ్ల అంకెలతో చెబుతాను.

ఒకటి, ఒక మామ్మగారు పాడిన మంగళహారతి. లౌడ్‌నెస్ −33 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి అందే సౌండు కొలత, సున్నాకు దగ్గరైన కొద్దీ సౌండు ఎక్కువ), పీక్ −17.5. రెండోది, ఇద్దరు ఆడవాళ్లు రోకళ్లతో దంచుతూ పాడిన దంపుళ్ల పాట. లౌడ్‌నెస్ −27.5, పీక్ −4. రెండిటి మధ్య తేడా 5.5. ఇప్పుడు రెండిటి పీకూ −1కి తెస్తే మంగళహారతికి 16.5 డెసిబెల్స్ కలుస్తాయి, దంపుళ్ల పాటకు 3 మాత్రమే. మొదటిది −16.5కి ఎక్కుతుంది, రెండోది −24.5 దగ్గర ఆగిపోతుంది. తేడా 8 అయింది, పైగా తలకిందులైంది.

పీక్ అంటే ఒక్క క్షణంలో తగిలిన అతి పెద్ద దెబ్బ. దంపుళ్ల పాటలో అది రోకలి రోట్లో పడ్డ చప్పుడు, పాడేవాళ్ల గొంతు కాదు. మన చెవి అలా వినదు, కొంతసేపటి శక్తిని కలిపి వింటుంది. అందుకే 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ బీఎస్ 1770 అనే కొలత పద్ధతి ఇచ్చింది. బాగా కింది స్వరాలను తగ్గించి, పై స్వరాలకు కొంత బరువిచ్చి, చెవి వినే తీరుకు దగ్గరగా కొలుస్తుంది. 2010లో యూరప్ ప్రసార సంస్థల సంఘం దాని మీదే ఆర్ 128 సిఫారసు చేసి −23 ఎల్‌యూఎఫ్ఎస్‌ను లక్ష్యంగా పెట్టింది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో లౌడ్‌నార్మ్ ఫిల్టర్ ఈ కొలతే ఇస్తుంది. ఆడాసిటీలోనూ నార్మలైజ్ పక్కనే లౌడ్‌నెస్ నార్మలైజేషన్ అని వేరే ఎఫెక్ట్ ఉంది.

−23 టీవీ, రేడియోలకు. మూడంగుళాల స్పీకరులో అది సరిగా వినబడదు. స్టీరియో ఫైళ్లకు −16, మోనోకు −19 పెట్టడం వాడుకలో ఉంది. రెండూ ఒకే సౌండు ఇస్తాయి, ఎందుకంటే మోనో ఫైలు రెండు స్పీకర్లలో మోగినప్పుడు 3 డెసిబెల్స్ కలిసొస్తుంది. మా ఫైళ్లన్నీ మోనో, కాబట్టి −19. ట్రూ పీక్ (శాంపిళ్ల మధ్య లేచే పీకును కూడా పట్టే కొలత) −1.5 దాటకూడదు అని పెట్టుకున్నాను. ఎంపీ3గా మార్చేటప్పుడు పీకులు కాస్త పైకి లేస్తాయి, ఆ కొద్ది చోటు వదలాలి.

కొలిచేది ఎవరి గొంతు?

ఇక్కడిదాకా లెక్కే. పని అంతా ఇక్కడ మొదలైంది.

ఒక ఫైలు తీసుకోండి. పి.గన్నవరం వైపు ఒక ఊళ్లో తీసింది. ఫోను పట్టుకున్న అమ్మాయి "మీ పేరు చెప్పండి మామ్మగారూ, ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడుగుతుంది. ఫోను ఆ అమ్మాయి చేతిలోనే ఉంది కాబట్టి ఆమె ప్రశ్నలు −22 దగ్గర ఉన్నాయి. మామ్మగారు మంచం మీద కూర్చుని పాడారు, పాట −36 దగ్గర ఉంది. ఫైలు మొత్తం కొలిస్తే −25 వస్తుంది.

ఈ కొలతలో గేటు అని ఒకటి ఉంటుంది. సగటు కన్నా 10 కిందకు పడిపోయిన ముక్కలను నిశ్శబ్దం కింద లెక్కగట్టి వదిలేస్తుంది. మంచి ఏర్పాటే. పాటకూ పాటకూ మధ్య ఖాళీ సగటును కిందకు లాగకుండా ఉంటుంది. కానీ ఈ ఫైలులో అది వదిలేసింది మామ్మగారు మెల్లగా పాడిన చరణాలను. ప్రశ్నలు అడిగిన గొంతునే ఫైలు సౌండు అనుకుంది. అలా −25 నుంచి −19కి తెస్తే 6 డెసిబెల్స్ కలుస్తాయి, మామ్మగారి పాట −30 దగ్గరే ఉండిపోతుంది. రిపోర్టులో మాత్రం ఈ ఫైలు −19 అని చక్కగా కనిపిస్తుంది.

అందుకే ఫైళ్లన్నిటినీ వరసగా నడిపే బ్యాచ్ మొదలుపెట్టే ముందు ప్రతి ఫైలూ విని మాటను, పాటను విడదీశాను. ఆడాసిటీలో పాట ఉన్న మేర సెలెక్ట్ చేసి కంట్రోల్, బీ కలిపి నొక్కితే లేబుల్ పడుతుంది. పాటకు "పా", మాటకు "మా" అని పెట్టి, చివరలో లేబుళ్ల ప్రకారం విడివిడి ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేశాను. విసుగు పని, కంప్యూటర్ మనకు చేసిపెట్టదు. కానీ ఈ ప్రాజెక్టులో ఫలితాన్ని తేల్చింది ఈ పనే. మాటలు కూడా పారేయలేదు. పాట ఎక్కడిది, ఎవరు నేర్పారు అన్నవి అందులోనే ఉన్నాయి. వాటిని వేరే ఫోల్డర్‌లో అదే −19కి తెచ్చాను.

పాటలో ఎత్తుపల్లాలు

లౌడ్‌నార్మ్‌ను ఒక్క దఫాలో నడిపితే చకచకా అయిపోతుంది, చాలామంది అలాగే చేస్తారు. ఆ దఫాలో అది పాట పొడవునా వాల్యూమ్‌ను ఎక్కిస్తూ దించుతూ పోతుంది. ఉపన్యాసానికి ఫరవాలేదు. ఊడుపు పాటకు పనికిరాదు. నాట్లేసేటప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటే వరసలో ఉన్నవాళ్లంతా అందుకుంటారు. ఒంటి గొంతు, ఆ వెంటనే గుంపు, మళ్లీ ఒంటి గొంతు. ఆ పాటకు ప్రాణం ఆ తేడాలోనే ఉంది. ఒక్క దఫా పద్ధతిలో చేసి చూపించాను. ఒంటి గొంతు ఉబ్బింది, గుంపు అణిగింది, మధ్యలో ఊపిరి పీల్చుకునే చోట గాలి హోరు పైకి లేచింది. మాస్టారు మొదటి చరణానికే "ఇది పొలంలో విన్నట్టు లేదండీ" అన్నారు.

రెండు దఫాల పద్ధతి దీనికోసమే. మొదటిసారి కొలత, రెండోసారి ఆ కొలతలు ఇచ్చి ఫైలు మొత్తానికి ఒకే పెంపు. అయితే ఇందులో తెలియకుండా దెబ్బతీసే సంగతి ఒకటుంది. లీనియర్ (ఒకే పెంపు) అని మనం అడిగినప్పటికీ, పెంచాక పీకు మనం పెట్టిన గీత దాటేలా ఉంటే, లేదా పాట ఎత్తుపల్లాల కొలత (ఎల్ఆర్ఏ) మనం ఇచ్చిన హద్దు కన్నా ఎక్కువ ఉంటే, లౌడ్‌నార్మ్ తనంతట తానే ఎక్కిదిగే (డైనమిక్) పద్ధతికి మారిపోతుంది. మనం ఏమీ ఇవ్వకపోతే ఎల్ఆర్ఏ 7. మా ఊడుపు పాటల్లో 11, 12 ఉన్నవి ఉన్నాయి. పైగా ఆ పద్ధతిలో శాంపిల్ రేటును 192 కిలోహెర్ట్జ్‌కి తీసుకుపోతుంది. బయటికి వచ్చే రేటు మనం చెప్పకపోతే ఫైళ్లు అకారణంగా లావెక్కుతాయి. రెండో దఫా రిపోర్టులో నార్మలైజేషన్ టైప్ అన్న చోట లీనియర్ అని ఉందో డైనమిక్ అని ఉందో చూసుకోవాలి.

నేను ఇంకా తేలికైన దారి పట్టాను. లౌడ్‌నార్మ్‌ను కొలతకు మాత్రమే వాడాను. కొలత రిపోర్టుల్లోంచి లౌడ్‌నెస్, ట్రూ పీక్, ఎల్ఆర్ఏ ఏరి సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన పట్టికగా) రాసే చిన్న పైథాన్ స్క్రిప్టు, ఆ సీఎస్‌వీ కాల్క్‌లోకి. −19లోంచి కొలత తీసేస్తే ఎంత పెంచాలో వస్తుంది. ఆ పెంపును పీకుకు కలిపితే గీత దాటుతుందో లేదో తెలుస్తుంది. పెంచే పని మామూలు వాల్యూమ్ ఫిల్టర్‌ది. అది ఫైలు మొత్తాన్ని ఒకే అంకెతో పెంచుతుంది, ఇంకేమీ చేయదు. మంగళహారతికి 14 కలిపితే పీకు −3.5కి వచ్చింది, హాయిగా సరిపోయింది. ఎక్కువ పాటలు ఇలాగే తేలిపోయాయి.

మిగిలినవి దంపుళ్ల పాటలు. పైన చెప్పినదానికి 8.5 కలిపితే పీకు 4.5 అవుతుంది, గీత కన్నా 6 ఎక్కువ. దీన్ని తగ్గించి ఉంచడమా, రోకటి దెబ్బను అణచడమా? దెబ్బ నిడివి చాలా తక్కువ, గొంతుల పీకులు దానికి ఎంతో కింద ఉన్నాయి. లిమిటర్ పెడితే దెబ్బ పడ్డ క్షణంలో మాత్రమే పనిచేసి గొంతును ముట్టుకోదు. ముందు వాల్యూమ్, ఆ తర్వాత ఎలిమిటర్ అనే లిమిటర్ ఫిల్టర్, ఈ వరసలో పెట్టాను. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఎలిమిటర్‌లో లెవెల్ అన్న ఆప్షన్ మనం ఆపకపోతే ఆన్‌లోనే ఉంటుంది. కత్తిరించాక మొత్తాన్ని మళ్లీ సున్నా దాకా లేపుతుంది. దాన్ని ఆపాలి. లిమిట్ అంకె డెసిబెల్స్‌లో కాకుండా 0.79 అని ఇచ్చాను, అంటే సుమారు −2. అది ట్రూ పీక్ చూడదు కాబట్టి ఆ జాగ్రత్త. చేశాక మళ్లీ కొలిచాను. దెబ్బ దెబ్బలాగే వినిపించాలి, రోకలి లేని దంపుళ్ల పాట ఏం పాట? హెడ్‌ఫోన్స్‌లో పాతదీ కొత్తదీ పక్కపక్కన విని, తేడా పట్టుకోలేనప్పుడే ఒప్పుకున్నాను.

మరీ గట్టిగా రికార్డయి సౌండు పగిలిన ఫైళ్లకు చేయగలిగింది తక్కువ. ఒక గొబ్బి పాట −11 దగ్గర ఉంది, పీకు సున్నా దాటి 0.6. దాన్ని 8 డెసిబెల్స్ తగ్గిస్తే సౌండు సమానం అవుతుంది గానీ పగిలిన గొంతు పగిలినట్టే ఉంటుంది. అలాంటివి మళ్లీ రికార్డు చేయమని జాబితా ఇచ్చాను.

చెరువుల హోరు

పాటను 17 డెసిబెల్స్ పెంచితే వెనకాల ఉన్నది కూడా 17 పెరుగుతుంది. కోనసీమలో ఆ వెనకాల ఉండేది రొయ్యల చెరువుల ఏరేటర్లు. చక్రాలు నీళ్లను చిమ్ముతున్న హోరు, దాని కింద మోటారు గుంయ్‌మనే చప్పుడు. ఫ్యాను, కొబ్బరాకుల గాలి సరేసరి.

కింది గుంయ్ తేలిగ్గా పోతుంది. ఆడవాళ్ల పాటలకు 100 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (ఆ అంకెకు కిందున్న శబ్దాన్ని తగ్గించే ఫిల్టర్) పెట్టాను, వాళ్ల గొంతు దానికి బాగా పైనుంటుంది. పడవ పాటలు పాడిన మగవాళ్ల గొంతులు 100 దగ్గరికి దిగుతాయి కాబట్టి వాటికి 70 పెట్టాను. ఇది కొలతకు ముందే చేయాలి, లేకపోతే వినిపించని గాలి దెబ్బలు పీకును పాడుచేస్తాయి.

నీళ్ల హోరు అలా కాదు. అది హల్లులున్న చోటంతా పరుచుకుని ఉంటుంది. ఆడాసిటీ నాయిస్ రిడక్షన్ గట్టిగా వాడితే హోరుతో పాటు మాట అంచులు అరిగిపోయి, చివర్లు కిలకిలమంటాయి. అరిగిన పాట కన్నా హోరున్న పాటే మేలని నా నిశ్చితాభిప్రాయం. పాటలో మాట పోతే దాన్ని రాసుకునేవాళ్లకు కూడా పనికిరాదు. కొద్ది ఫైళ్లలో మాత్రం 6 డెసిబెల్స్‌కు మించకుండా తగ్గించి ఆపేశాను.

బ్యాచ్ నడిపిన తీరు

ఎఫ్ఎఫ్ఎంపెగ్ కమాండ్ అంటే భయపడేవాళ్లకు కాల్క్ మంచి సాయం. ప్రతి వరసలో ఫైలు పేరు, హైపాస్ అంకె, పెంపు, లిమిటర్ కావాలా వద్దా అన్నవి ఉన్నాయి కదా. వాటన్నిటినీ ఫార్ములాతో ఒక వాక్యంగా కలిపితే ఆ ఫైలుకు సరిపోయే కమాండ్ తయారవుతుంది. ఆ కాలమ్‌ను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేసి బ్యాట్ ఫైలుగా (కమాండ్లను వరసగా నడిపే ఫైలుగా) సేవ్ చేయడమే. ఏ ఫైలుకు ఏం చేశామో రికార్డూ అదే. మూడు నెలల తర్వాత ఎవరైనా అడిగితే ఆ వరస చూపిస్తే చాలు.

ఫైలు పేర్లు విద్యార్థులు తెలుగులో పెట్టారు. కమాండ్ విండోలో కోడ్ పేజీని (అక్షరాలను చదివే పద్ధతిని) యూనికోడ్ నంబరు 65001కి మార్చకపోతే అవి చెత్తగా కనబడతాయి, కమాండ్ ఆగిపోతుంది. మార్చినా, చౌక స్పీకర్ల డిస్‌ప్లేలో తెలుగు రాదు. అందుకని ఊరి కోడ్, పాట రకం, మూడంకెల నంబరు కలిపి ఇంగ్లీషు పేర్లు పెట్టి, అసలు పేర్లు, పాడినవాళ్ల వివరాలు షీట్‌లో ఉంచాను.

కరెంటు పోతుందన్నది ముందే లెక్కలోకి తీసుకోవాలి. సగంలో ఆగిన ఫైలు చూడ్డానికి పూర్తయినట్టే ఉంటుంది. ప్రతి ఫైలునూ తాత్కాలిక పేరుతో రాయించి, పూర్తయ్యాక అసలు పేరు పెట్టించాను. అసలు పేరుతో ఉన్నవాటిని మళ్లీ నడిపినప్పుడు దాటేస్తుంది. మామూలు ల్యాప్‌టాప్ మీద మొత్తం బ్యాచ్ ఒక పూటలో అయిపోయింది.

కార్డులోకి

దాచుకోవడానికి నష్టం లేకుండా కుదించే ఫ్లాక్, వినడానికి ఎంపీ3. ఓపస్ ఇంకా చిన్నగా, బాగా ఉంటుంది గానీ ఇళ్లలో ఉన్న స్పీకర్లు దాన్ని తెరవవు. ఎంపీ3ని 44.1 కిలోహెర్ట్జ్, మోనో, 96 కేబీపీఎస్ స్థిర బిట్‌రేటులో చేశాను. నిమిషానికి 0.72 ఎంబీ, నాలుగు నిమిషాల పాట 3 ఎంబీ లోపే. ఒంటి గొంతుకు అంతకన్నా అక్కర్లేదు. మారే బిట్‌రేటు పెడితే పాత ప్లేయర్లు నిడివి తప్పు చూపిస్తాయి. పాట వివరాలు ఉండే ట్యాగులు ఐడీ3 2.3 వెర్షన్‌లో.

కార్డు 32 జీబీకి మించితే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో వస్తుంది, చాలా స్పీకర్లు చదవవు. ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేయాలి. ఈ స్పీకర్లు చాలావరకు పేరు వరసలో పాడవు, కార్డులోకి ఏది ముందు కాపీ అయితే అది ముందు పాడతాయి. కాబట్టి కొత్తగా ఫార్మాట్ చేసిన కార్డులోకి పేరు వరసలో ఒక్కొక్కటే కాపీ చేసే బ్యాట్ ఫైలు ఇంకొకటి రాసిచ్చాను.

ఇప్పటికే ఎంపీ3 పాటలున్నవాళ్లకు, గుడి మైకులో వేసే భజనల పెన్‌డ్రైవ్ లాంటివాటికి, ఇంత తతంగం అక్కర్లేదు. ఎంపీ3గెయిన్ అనే ఉచిత టూల్ పాటను మళ్లీ కంప్రెస్ చేయకుండా ఫైలులోని గెయిన్ అంకెను మాత్రమే మారుస్తుంది. 1.5 డెసిబెల్స్ మెట్లలోనే మార్చగలదు, వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు.

చివరి కొలతలు, అప్పగింత

చివరి ఎంపీ3లన్నిటినీ మళ్లీ కొలిస్తే పాటలన్నీ −19కి అటూ ఇటూ అర లోపు వచ్చాయి. ఆ కొద్ది తేడా కూడా లిమిటర్ పడ్డవాటిలోనే. ముమ్మిడివరం వైపు ఒకరింట్లో కార్డు పెట్టి చూడమని ఇచ్చాం. ఆ ఇంటి కోడలు "మధ్యాహ్నమంతా మోగిందండి, కొబ్బరి ఒలుస్తూ విన్నాం, సౌండు ముట్టుకోలేదు" అని చెప్పింది. వాళ్ల అత్తగారికి మాత్రం ఏఎంఆర్ పాటల్లో మాట అర్థం కాలేదు. అవి కార్డులోంచి తీసేసి ఫ్లాక్ నకళ్లలోనే ఉంచాం. పాడినవాళ్లు ఉన్నచోట మళ్లీ తీస్తారు.

మూలం ఫైళ్లు, ఫ్లాక్ నకళ్లు, షీట్ అన్నీ కలిపి రెండు హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి. ఒకటి కాలేజీలో, రెండోది రాజమండ్రిలో. 1996 నవంబరు తుఫానుకు కోనసీమ తోటలు ఎలా నేలకూలాయో చూసినవాళ్లం, రెండు నకళ్లూ ఒకే ఊళ్లో ఉంచడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

మళ్లీ తీయడానికి వెళ్లే విద్యార్థులకు మాస్టారు ఒక కాగితం రాసిమ్మన్నారు. ఇదీ రాసిచ్చింది: ఫోను మీ చేతిలో కాదు, పాడేవారి ముందు జానెడు దూరంలో స్టూలు మీద పెట్టండి. ఫ్యాను ఆపమని అడగండి. ఏరేటర్లు ఆపే వేళ ఎప్పుడో చెరువు వాళ్లను కనుక్కుని అప్పుడు వెళ్లండి. ప్రశ్నలు అయ్యాక రికార్డింగ్ ఆపి, పాటకు కొత్త ఫైలు మొదలుపెట్టండి. పాటకు ముందు పది సెకన్లు ఎవరూ మాట్లాడకండి. నాకు పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి.